ఆకాశంలో విమానాల మధ్య ఎడం: వరంగల్ పాఠకుల ప్రశ్నలు, జవాబులు

హనుమకొండలో ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పాను. మామునూరు విమానాశ్రయానికి కేంద్ర పౌర విమానయాన శాఖ 2025 ఫిబ్రవరి నెలాఖరులో అనుమతి ఇచ్చిన నాటి నుంచి, సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద నడకకు వెళ్తే పాత విద్యార్థులూ వారి పిల్లలూ నన్ను ఆపి విమానాల గురించే అడుగుతున్నారు. మళ్లీ మళ్లీ వచ్చిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. నా విద్యార్థుల్లో ఒకరు ఇప్పుడు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా, అంటే నేల మీద నుంచి విమానాలకు దారీ ఎత్తూ చెప్పే ఉద్యోగిగా, పని చేస్తున్నారు. ఆ ఉద్యోగంలో వాడే మాటలు చాలావరకు ఆయన దగ్గర నేర్చుకున్నవే.

ఆకాశం అంత విశాలంగా ఉంది కదా, రెండు విమానాలు ఢీకొనే అవకాశం నిజంగా ఉంటుందా?

ఉంటుంది. ఆకాశం విశాలమైనదే అయినా విమానాలు దాని నిండా చెల్లాచెదురుగా తిరగవు. నేల మీద జాతీయ రహదారులు ఉన్నట్టే పైన కూడా గీతలు గీసిన దారులు ఉన్నాయి. ఒక్కో దారికి అక్షరాలు, అంకెలతో కూడిన పేరు ఉంటుంది; దారులు కలిసే చోట్లకు ఐదక్షరాల పేర్లు ఉంటాయి. వందలాది విమానాలు రోజూ ఆ గీతల మీదే, ఆ కూడళ్ల మీదుగానే వెళ్తాయి.

దీనిలో చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. పాతకాలంలో దారి చూపే పరికరాలకు అంత కచ్చితత్వం ఉండేది కాదు కనుక, ఒకే దారిలో ఎదురెదురుగా వచ్చే రెండు విమానాలు పొరపాటున ఒకే ఎత్తులో ఉన్నా, ఒకటి గీతకు కొంత ఎడమగా, మరొకటి కొంత కుడిగా పోయి తప్పించుకునే అవకాశం ఉండేది. ఉపగ్రహాల సాయంతో నడిచే నేటి విమానం గీత మధ్యన దాదాపు దారం పట్టినట్టు పోతుంది. అంటే, ఎత్తు విషయంలో పొరపాటు జరిగితే ఆ కచ్చితత్వమే ప్రమాదాన్ని పెంచుతుంది. 2006 సెప్టెంబర్ 29న బ్రెజిల్‌లో అమెజాన్ అడవుల మీద గోల్ సంస్థ బోయింగ్ 737, ఎంబ్రాయర్ లెగసీ అనే చిన్న జెట్ విమానం ఒకే దారిలో, ఒకే 37,000 అడుగుల ఎత్తులో ఎదురుపడ్డాయి. చిన్న జెట్ రెక్క కొస బోయింగ్ రెక్కను కోసేసింది. బోయింగ్‌లో ఉన్న 154 మందీ మరణించారు. ఆకాశమంతా ఖాళీగా ఉన్నా, ఆ రెండూ మాత్రం ఒకే గీత మీద ఉన్నాయి.

అందుకే మహాసముద్రాల మీద ఎగిరే పైలట్లకు, దారి మధ్య గీతకు ఒకటి రెండు మైళ్లు కుడివైపుగా జరిగి పోయే పద్ధతిని అనుమతించారు. యంత్రానికి అబ్బిన కచ్చితత్వాన్ని మనిషి కావాలనే కొంచెం సడలించడం అది. నాకు ఈ రంగంలో అన్నిటికంటే బాగా నచ్చిన ఆలోచన ఇదే.

మన జిల్లాల మీదుగా ఏ విమానాలు పోతాయి? అవి ఒకదాని దారిలోకి ఒకటి రావా?

ఒక భారతదేశ పటం, ఒక స్కేలు తీసుకోండి. చెన్నై నుంచి ఢిల్లీకి ఒక గీత, ముంబయి నుంచి విశాఖపట్నానికి మరో గీత గీయండి. ఆ రెండూ దాదాపు కరీంనగర్, హుస్నాబాద్ పరిసరాల్లో ఒకదాన్నొకటి ఖండించుకుంటాయి. అసలు విమాన మార్గాలు స్కేలు గీతకు కొంత అటూ ఇటూ ఉండవచ్చు గానీ, ఉత్తర తెలంగాణ ఆకాశం ఒక కూడలి అన్న మాట మాత్రం నిజం.

ఈ కూడలిని ఉదాహరణగా పెట్టుకుంటే ఎత్తుల నియమం సులువుగా అర్థమవుతుంది. విమానం పోయే దిశను ఉత్తరం నుంచి డిగ్రీల్లో కొలుస్తారు. 0 నుంచి 179 డిగ్రీల మధ్య, అంటే తూర్పు వైపుకు పోయేవాటికి బేసి వేల ఎత్తులు ఇస్తారు: 31,000, 33,000, 35,000, 37,000 అడుగులు. 180 నుంచి 359 మధ్య, అంటే పడమర వైపుకు పోయేవాటికి సరి వేల ఎత్తులు: 32,000, 34,000, 36,000, 38,000. ముంబయి నుంచి విశాఖకు పోయే విమానం బేసిలో, విశాఖ నుంచి ముంబయికి వచ్చేది సరిలో ఉంటాయి. ఎదురెదురుగా వచ్చినా వాటి మధ్య కనీసం వెయ్యి అడుగుల ఎడం దానంతట అదే ఏర్పడుతుంది.

ఇప్పుడు చెన్నై, ఢిల్లీ గీతను చూడండి. చెన్నై నుంచి ఢిల్లీకి దిశ సుమారు 350 డిగ్రీలు, కనుక సరి ఎత్తు. ఢిల్లీ నుంచి చెన్నైకి సుమారు 170 డిగ్రీలు, కనుక బేసి ఎత్తు. అంటే ఢిల్లీ నుంచి చెన్నైకి వచ్చే విమానం, ముంబయి నుంచి విశాఖకు పోయే విమానం రెండూ బేసి ఎత్తుల్లోనే ఉంటాయి; రెండింటికీ 35,000 అడుగులే రావచ్చు. రెండు గీతలూ ఖండించుకునేది మన నెత్తి మీదే. ఎత్తుల నియమం ఎదురెదురు విమానాలను విడదీస్తుంది గానీ, అడ్డంగా దాటేవాటిని అన్నివేళలా విడదీయలేదు. అక్కడ మనిషి చూసుకోవలసిందే. రెండూ కూడలికి ఒకే సమయంలో చేరేలా ఉన్నాయని కంట్రోలర్ ముందుగానే లెక్కగట్టి, ఒకదాన్ని 33,000కు దింపడమో, వేగం తగ్గించమనడమో, కొన్ని డిగ్రీలు పక్కకు తిప్పడమో చేస్తారు. ఆ సంగతి లోపలున్న ప్రయాణికులకు తెలియనే తెలియదు.

వెయ్యి అడుగులు అంటే మూడు వందల మీటర్లే కదా. అంత పెద్ద విమానాలకు అది సరిపోతుందా?

సరిపోతుంది, కానీ ఊరికే సరిపోలేదు. చాలా ఏళ్ల పాటు 29,000 అడుగుల పైన 2,000 అడుగుల ఎడం పాటించేవారు. కారణం ఏమిటంటే, విమానంలోని ఎత్తు మీటరు నిజానికి ఎత్తును కొలవదు. బయటి గాలి ఒత్తిడిని కొలిచి దాన్ని అడుగుల్లోకి మార్చి చూపుతుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కనుక, ఒత్తిడిని కొలవడంలో దొర్లే చిన్న తప్పు ఎత్తులో పెద్ద తప్పుగా మారుతుంది. తర్వాత మెరుగైన పరికరాలు వచ్చాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఎత్తు కొలత వ్యవస్థలు, ఎత్తును పట్టి ఉంచే ఆటోపైలట్, ఎత్తు తప్పితే హెచ్చరించే ఏర్పాటు ఉన్న విమానాలకు మాత్రమే 29,000 నుంచి 41,000 అడుగుల మధ్య వెయ్యి అడుగుల ఎడాన్ని అనుమతించారు. మన దేశంలో ఈ పద్ధతి 2003 నవంబర్ 27న అమలులోకి వచ్చింది. దానితో అదే ఆకాశంలో కొత్తగా ఆరు అంతస్తులు దొరికాయి.

గాలి ఒత్తిడి రోజుకో రకంగా, ఊరికో రకంగా ఉంటుంది కదా? అప్పుడు ఎత్తు తప్పు చూపదా?

ఇది మంచి ప్రశ్న; ఇంటర్ చదువుతున్న ఒక అమ్మాయి అడిగింది. తప్పు చూపుతుంది. అయితే అందరికీ ఒకే తప్పు చూపుతుంది. ఒక నిర్ణీత ఎత్తు దాటాక ప్రతి పైలట్ తన మీటరును 1013.25 హెక్టోపాస్కల్స్ అనే ఒకే అంకెకు మార్చుకోవాలి. ఆ రోజు నిజమైన ఒత్తిడి ఎంతైనా సరే, 35,000 అని చూపే విమానాలన్నీ ఒకే పొరలో, 36,000 అని చూపేవన్నీ దాని పై పొరలో ఉంటాయి. నేల నుంచి అసలు ఎత్తు వంద అడుగులు అటూ ఇటూ అయినా నష్టం లేదు, ఎందుకంటే అక్కడ కావలసింది ఒకదానికి మరొకటి ఎంత ఎడంలో ఉందన్నదే. అందుకే దాన్ని ఎత్తు అనకుండా ‘ఫ్లైట్ లెవెల్’ అంటారు. 35,000ను లెవెల్ 350 అని పిలుస్తారు.

ఒక పైలట్ అంకె మార్చుకోవడం మరిచిపోతే చిక్కే. కింది గాలిలో ఒక హెక్టోపాస్కల్ తేడా దాదాపు 27 నుంచి 30 అడుగులకు సమానం. పది హెక్టోపాస్కల్స్ తేడా ఉంటే సుమారు 300 అడుగులు, అంటే ఉన్న ఎడంలో మూడో వంతు దాకా కరిగిపోతుంది. కాబట్టి ఈ అంకెను ఇద్దరు పైలట్లూ ఒకరినొకరు అడిగి సరిచూసుకుంటారు.

దిగేటప్పుడు దీనికి తిరగబడిన పని చేయాలి. అప్పుడు కావలసింది నేల ఎంత దూరంలో ఉందన్న సంగతి కనుక, ఆ ఊరి ఆ గంట ఒత్తిడిని టవర్ నుంచి అడిగి తెలుసుకుని మీటరులో పెట్టుకుంటారు.

పక్కపక్కన, ముందూ వెనుకా ఎంత దూరం ఉండాలి?

రాడార్ కింద, ఒకే ఎత్తులో ఉన్న విమానాల మధ్య సాధారణంగా 5 నాటికల్ మైళ్లు ఉండాలి. విమానాశ్రయం దగ్గర, తగిన రాడార్ ఉన్నచోట దాన్ని 3 మైళ్లకు తగ్గించవచ్చు. నాటికల్ మైలు అంటే 1,852 మీటర్లు. 5 మైళ్లు సుమారు తొమ్మిదింపావు కిలోమీటర్లు: కాజీపేట జంక్షన్ నుంచి వరంగల్ స్టేషన్ దాకా రైలు పట్టాల మీద ఉన్న దూరం కంటే కాస్త తక్కువ. నిలువున వెయ్యి అడుగులు, అడ్డంగా ఐదు మైళ్లు, ఈ రెండిట్లో ఒక్కటైనా ఎప్పుడూ ఉండి తీరాలి. రెండూ ఒకేసారి పోతే, విమానాలు తగలకపోయినా అది నమోదై విచారణకు వస్తుంది.

పైలట్ కిటికీలోంచి చూసి తప్పించుకోలేడా?

నమ్మదగిన పద్ధతి కాదు. నా పాఠాల్లో దీన్ని లెక్కగా ఇచ్చేవాణ్ణి. గంటకు 900 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 250 మీటర్లు. రెండు ఎదురుపడితే సెకనుకు అర కిలోమీటరు చొప్పున దగ్గరవుతాయి. ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు మిగిలిన సమయం పది సెకన్లు. ఆ క్షణాన 36 మీటర్ల రెక్కలున్న విమానం కంటికి ఎంత కనిపిస్తుంది? డిగ్రీలో సున్నా పాయింట్ నాలుగు వంతు, అంటే పున్నమి చంద్రుడి వెడల్పు కంటే తక్కువ. పైగా ఎదురుగా చూస్తే అది సన్నటి గీతలాగే ఉంటుంది.

దీనికి మరో చిక్కు తోడవుతుంది. రెండూ తిన్నగా, వేగం మార్చకుండా ఢీకొనే దారిలో పోతున్నప్పుడు, అవతలి విమానం కిటికీ అద్దం మీద ఎటూ జరగదు; ఒకే చోట చుక్కలా నిలిచి, చివరి క్షణాల్లో మాత్రమే హఠాత్తుగా పెరుగుతుంది. మన కన్ను కదిలేదాన్ని ఇట్టే పట్టుకుంటుంది, నిలిచి ఉన్నదాన్ని పట్టుకోదు. అద్దం మీద జరుగుతూ పోయే విమానంతో ప్రమాదం ఉండదు. నిలిచి ఉన్నదే ప్రమాదం. 1956 జూన్ 30న అమెరికాలో గ్రాండ్ కాన్యన్ మీద రెండు ప్రయాణికుల విమానాలు, పైలట్లే చూసుకుని తప్పుకోవాలన్న పద్ధతిలో ఎగురుతూ ఢీకొని 128 మంది చనిపోయాక, ఆ పద్ధతి పెద్ద విమానాలకు చాలదని ప్రపంచానికి అర్థమైంది.

కంట్రోలర్ తెర మీద ఏం చూస్తారు? ఏం మాట్లాడతారు?

సినిమాల్లో చూపినట్టు పచ్చటి గీత గిరగిరా తిరిగే తెర కాదు. నల్లని లేదా బూడిదరంగు తెర మీద ప్రతి విమానానికి ఒక చిన్న గుర్తు, దాని వెనుక గడచిన స్థానాలను తెలిపే చుక్కలు, పక్కన ఒక చిన్న చీటీ ఉంటాయి. చీటీలో విమానం పిలుపు పేరు, ఇప్పుడున్న లెవెల్, ఎక్కుతుంటే పైకి, దిగుతుంటే కిందికి ఒక బాణం, ఇచ్చిన లెవెల్, వేగం కనిపిస్తాయి. విమానంలోని ట్రాన్స్‌పాండర్ అనే పరికరం రాడార్ అడిగిన ప్రతిసారీ ఈ సంగతులు చెబుతుంది. దానికి కంట్రోలర్ ముందే నాలుగంకెల సంఖ్య ఒకటి ఇస్తారు; దాన్ని ‘స్క్వాక్’ అంటారు. అందులో 0 నుంచి 7 దాకా అంకెలే ఉంటాయి కనుక మొత్తం 4,096 సంఖ్యలు వీలవుతాయి.

ఆకాశాన్ని సెక్టార్లుగా పంచుకుంటారు. వరంగల్ మీది ఆకాశం చెన్నై విమాన సమాచార ప్రాంతం కిందికి వస్తుంది. దేశంలో అలాంటి పెద్ద ప్రాంతాలు నాలుగు: ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై. వీటిని భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ నడుపుతుంది. విమానం ఒక సెక్టార్ నుంచి మరోదానిలోకి వెళ్లేటప్పుడు, ఏ కూడలి దగ్గర ఏ లెవెల్లో అప్పగించాలో ఇద్దరు కంట్రోలర్లూ ముందే మాట్లాడుకుంటారు. అవతలివారు ఒప్పుకోకుండా విమానాన్ని వాళ్ల హద్దులోకి పంపరు.

మాటల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ‘రీడ్‌బ్యాక్’. “లెవెల్ 330కి దిగండి” అని కంట్రోలర్ చెబితే పైలట్ సరే అని ఊరుకోకూడదు. “330కి దిగుతున్నాం” అని తన పిలుపు పేరుతో సహా తిరిగి చెప్పాలి. కంట్రోలర్ దాన్ని చెవి పెట్టి వినాలి. తప్పుంటే అక్కడే సరిదిద్దాలి. నా విద్యార్థి ఒకసారి ఇలా అన్నారు: “సార్, చెప్పడం సులువే. తిరిగి చెప్పింది వినడమే కష్టం, ఎందుకంటే మనం చెప్పిందే వినిపిస్తున్నట్టు అనిపిస్తుంది.” ఏళ్ల తరబడి తరగతి గదిలో పిల్లల చేత పాఠం అప్పజెప్పించుకున్న నాకు ఆ మాటలోని బరువు వెంటనే అర్థమైంది. ఇంగ్లిష్ అంకెల్లో మూడును ‘ట్రీ’ అని, ఐదును ‘ఫైఫ్’ అని, తొమ్మిదిని ‘నైనర్’ అని పలకడం కూడా, గరగరమనే రేడియోలో ఒకటి మరోటిగా వినిపించకుండా ఉండేందుకే.

రాడార్ అందని చోట, ఉదాహరణకు సముద్రం మీద, ఎలా?

కాజీపేట వాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. ముందు స్టేషన్ నుంచి ‘లైన్ క్లియర్’ రానిదే రైలును సెక్షన్‌లోకి వదలరు కదా. పైన కూడా అంతే: విమానం ఫలానా కూడలిని ఫలానా నిమిషానికి, ఫలానా లెవెల్లో దాటానని చెబుతుంది, తర్వాతి కూడలికి ఎప్పుడు చేరేదీ చెబుతుంది. కంట్రోలర్ కాగితపు పట్టీల మీద ఆ సమయాలు రాసుకుని, ఒకే లెవెల్లో వెనుక వచ్చేదానికి నిమిషాల్లోనో మైళ్లలోనో చాలా పెద్ద ఎడం పాటిస్తారు. ముందువెనుకల మధ్య పది నిమిషాలు, అంటే సుమారు 150 కిలోమీటర్లు, దీనిలో పాత కొలత. కంటికి కనిపించనప్పుడు దూరం పెంచడం తప్ప వేరే దారి లేదు.

బంగాళాఖాతం మీద ఇప్పుడు విమానాలు ఉపగ్రహం ద్వారా తమ స్థానాన్ని తామే తెలియజేస్తాయి. కంట్రోలర్, పైలట్ రేడియోకు బదులు అక్షరాల సందేశాలతో మాట్లాడుకుంటారు. దానితో ఆ ఎడాన్ని 50 మైళ్లకు, కొన్ని చోట్ల ఇంకా తక్కువకు తగ్గించగలిగారు.

మన దేశంలో ఎప్పుడైనా రెండు ప్రయాణికుల విమానాలు ఢీకొన్నాయా?

1996 నవంబర్ 12 సాయంత్రం, హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద. ఢిల్లీ నుంచి అప్పుడే బయలుదేరి ఎక్కుతున్న సౌదియా బోయింగ్ 747ను 14,000 అడుగుల దగ్గర ఆగమన్నారు. ఢిల్లీకి దిగుతున్న కజకిస్థాన్ ఇల్యూషిన్ 76ను 15,000 అడుగుల దగ్గర నిలవమన్నారు. ఎదురుగా విమానం వస్తోందని కూడా కంట్రోలర్ చెప్పారు. కజక్ విమానం 15,000 దగ్గర నిలవకుండా ఇంకా కిందికి జారింది. రెండు విమానాల్లో ఉన్న 349 మందిలో ఒక్కరూ బతకలేదు. ఆకాశంలో విమానాలు ఢీకొన్న ఘటనల్లో ఇంతమంది ప్రాణాలు పోయినది మరొకటి లేదు.

జస్టిస్ ఆర్.సి. లాహోటీ విచారణలో తేలినది ప్రధానంగా కజక్ విమాన సిబ్బంది ఇచ్చిన ఎత్తును పాటించకపోవడం. అయితే దాని చుట్టూ ఉన్న పరిస్థితులను కూడా చూడాలి. వచ్చే విమానాలకూ పోయే విమానాలకూ ఒకే దారి ఉండేది. అప్పటి ఢిల్లీ రాడార్ విమానం ఎక్కడుందో చూపేది గానీ ఎంత ఎత్తులో ఉందో చూపేది కాదు; పైలట్ చెప్పిన ఎత్తునే కంట్రోలర్ నమ్మాలి. ఆ విమానంలో రేడియో మీద మాట్లాడే మనిషి వేరు, నడిపే మనిషి వేరు. విన్న మాట నడిపేవారి చేతుల దాకా చేరే లోపల ఏదో జారిపోయింది. ఒక్కొక్కటి విడిగా చూస్తే చిన్నదే అనిపించే ఇలాంటి లోపాలన్నీ ఆ సాయంత్రం ఒకే దారిలో కలిశాయి.

ఆ తర్వాత ఢిల్లీలో రాకపోకల దారులను వేరు చేశారు, ఎత్తును చూపే రాడార్ వాడుకలోకి వచ్చింది, మన ఆకాశంలోకి వచ్చే పెద్ద విమానాలకు ఢీ నివారణ పరికరాన్ని తప్పనిసరి చేశారు. నేటి భద్రతలో చాలా భాగం ఆ 349 మంది తర్వాత వచ్చినదేనని పిల్లలకు చెప్పినప్పుడల్లా నా గొంతు పట్టేస్తుంది.

ఆ ఢీ నివారణ పరికరం ఎలా పని చేస్తుంది?

దాని పేరు టీక్యాస్. నేల మీది రాడార్‌తోనూ కంట్రోలర్‌తోనూ దానికి పని లేదు. అది చుట్టుపక్కల విమానాల ట్రాన్స్‌పాండర్లను 1030 మెగాహెర్ట్జ్ మీద అడుగుతుంది. అవి 1090 మెగాహెర్ట్జ్ మీద జవాబిస్తాయి. జవాబు రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం, జవాబులోని అంకెను బట్టి ఎత్తు తెలుస్తాయి. దూరం ఎంతన్నది కాదు, కలుసుకోవడానికి ఎన్ని సెకన్లున్నాయన్నదే అది లెక్కగడుతుంది. ముందుగా “ట్రాఫిక్, ట్రాఫిక్” అంటుంది. పరిస్థితి అలాగే ఉంటే, కలుసుకోవడానికి ఎత్తును బట్టి 15 నుంచి 35 సెకన్ల ముందు ఆజ్ఞ ఇస్తుంది: ఒక విమానంలో “క్లైంబ్, క్లైంబ్”, అదే సమయంలో రెండోదానిలో “డిసెండ్, డిసెండ్”. రెండూ ఒకే వైపుకు పోకుండా ఆ రెండు పరికరాలూ తమలో తాము మాట్లాడుకుంటాయి. పైలట్ ఐదు సెకన్లలోపు కదలాలి. పక్కలకు తిప్పమని అది ఎప్పుడూ చెప్పదు. పైకి, కిందికి మాత్రమే.

పరికరం ఒకటి చెప్పి కంట్రోలర్ మరొకటి చెబితే? 2002 జూలై 1 రాత్రి జర్మనీలోని ఊబర్‌లింగెన్ మీద సరిగ్గా అదే జరిగింది. ఒక్కరే రెండు తెరలు చూసుకుంటున్న కంట్రోలర్ రష్యా విమానాన్ని దిగమన్నారు. అందులోని టీక్యాస్ ఎక్కమంది. సిబ్బంది కంట్రోలర్ మాట విన్నారు. అవతలి సరుకుల విమానం తన టీక్యాస్ మాట విని అదీ దిగింది. 71 మంది మరణించారు. అప్పటి నుంచి నియమం స్పష్టమైంది: టీక్యాస్ ఆజ్ఞ ఇస్తే దాన్నే పాటించాలి, ఆ సంగతి కంట్రోలర్‌కు చెప్పాలి, “క్లియర్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్” అని వినిపించే దాకా కంట్రోలర్ ఆ విమానానికి ఎక్కమనీ దిగమనీ చెప్పకూడదు.

దానికీ హద్దులున్నాయి. అవతలి విమానంలో ట్రాన్స్‌పాండర్ పని చేయకపోతే టీక్యాస్‌కు అది లేనట్టే. బ్రెజిల్‌లో జరిగినది అదే. నేలకు సుమారు వెయ్యి అడుగుల లోపు అది ఆజ్ఞలు ఇవ్వదు, ఎందుకంటే కిందికి దిగమంటే నేలే తగులుతుంది.

రైళ్లలో వస్తున్న కవచ్ లాంటిదేనా ఇది అని చాలామంది అడుగుతారు. ఆలోచన ఒకటే, కవచ్‌కు మొదట పెట్టిన ఇంగ్లిష్ పేరులోని పొడి అక్షరాలూ టీక్యాస్ అనే వస్తాయి. తేడా ఏమిటంటే, కవచ్ చివరికి బ్రేకు వేసి రైలును ఆపగలదు. విమానం ఆగడానికి వీల్లేదు. తప్పుకోవడం ఒక్కటే దానికున్న దారి.

ఫ్లైట్‌రాడార్24 యాప్‌లో రెండు విమానాలు ఒకదాని మీద ఒకటి కనిపించాయి. ఎవరికైనా చెప్పాలా?

అక్కర్లేదు. రెండింటి మీదా వేలు పెట్టి ఎత్తులు చూడండి; వెయ్యి అడుగులో, ఇంకా ఎక్కువో తేడా ఉంటుంది. ఫోన్ తెర బల్లపరుపు కనుక పైదీ కిందిదీ ఒకే చోట ఉన్నట్టు కనిపిస్తాయి. సాయంత్రం ఆకాశంలో రెండు తెల్లని చారలు ఒకదాన్నొకటి కోసుకున్నట్టు కనిపించడం కూడా ఇలాంటిదే: ఇంజిన్ నుంచి వచ్చిన నీటి ఆవిరి ఆ చలికి మంచు కణాలుగా మారి, విమానం వెళ్లిపోయాక కూడా చాలాసేపు నిలుస్తుంది. రెండో విమానం ఎన్నో నిమిషాల తర్వాత, వేరే లెవెల్లో అక్కడి నుంచి పోయి ఉంటుంది.

వడగళ్ల వానల కాలంలో ఏం చేస్తారు?

ఏప్రిల్, మే నెలల్లో కరీంనగర్, వరంగల్ మీద లేచే ఉరుము మబ్బుల తలలు విమానాలు ఎగిరే ఎత్తును కూడా మించుతాయి. వాటిలోంచి పోకూడదు. పైలట్లు ముక్కులోని వాతావరణ రాడార్‌లో చూసి “ఎడమకు ఇరవై మైళ్లు తప్పుకుంటాం” అని అడుగుతారు. ఒకరి తర్వాత ఒకరు అదే సందు కోసం అడుగుతారు కనుక దారులన్నీ ఒకచోట కుంచించుకుపోతాయి. కంట్రోలర్లకు ఏడాదిలో అన్నిటికంటే బరువైన రోజులు అవే. శంషాబాద్‌లో దిగడం ఆలస్యమైతే విమానాలను ఒక కూడలి చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో తిప్పుతూ, వెయ్యి అడుగులకు ఒకటి చొప్పున అంతస్తులుగా నిలుపుతారు. అడుగున ఉన్నది వెళ్లిపోగానే మిగిలినవన్నీ ఒక్కో మెట్టు దిగుతాయి.

పెద్ద విమానం వెనుక చిన్నది వెళ్తే ఏమవుతుంది?

పెద్ద విమానం రెక్క కొసల నుంచి రెండు సుడిగాలులు వెనక్కి సాగి మెల్లగా కిందికి దిగుతాయి. అవి చిన్న విమానాన్ని తిరగేయగలవు. అందుకే దిగే వరుసలో బోయింగ్ 777 వెనుక ఏటీఆర్ అనే చిన్న విమానం వస్తుంటే 3 మైళ్లు చాలవు, 5 మైళ్లు ఉండాలి.

రేడియో పని చేయకపోతే?

స్క్వాక్‌ను 7600కు మారుస్తారు. కంట్రోలర్ తెర మీద అది వెంటనే మెరుస్తుంది. ఆ తర్వాత పైలట్ ఏ దారిన, ఏ ఎత్తులో పోతారో ముందే రాసి ఉన్న నియమం ఉంది కనుక, మిగతా విమానాలను ఆ దారి నుంచి తప్పిస్తారు.

మామునూరు మళ్లీ తెరిస్తే మన ఆకాశంలో ఏం మారుతుంది?

నిజాం కాలంలో కట్టిన ఆ విమానాశ్రయం 1981 వరకు నడిచింది. మళ్లీ విమానాలు వస్తే మామునూరులో టవర్ కంట్రోలర్లు రన్‌వేనూ దాని చుట్టుపక్కల ఆకాశాన్నీ చూసుకుంటారు. ఇప్పటిదాకా మన మీదుగా పోయేవి ఎక్కువగా ముప్పై వేల అడుగుల పైన తిన్నగా పోయేవి. ఇకపై ఎక్కేవి, దిగేవి వాటికి తోడవుతాయి. తిన్నగా పోయే విమానం ఒకే లెవెల్‌ను ఆక్రమిస్తుంది. ఎక్కేది దారిలోని ప్రతి లెవెల్‌నూ దాటుతుంది. దాటే ప్రతిసారీ అక్కడ ఉన్నదానికి ఐదు మైళ్ల ఎడం చూపించాలి. శంషాబాద్ మామునూరుకు గాలిలో సుమారు 145 కిలోమీటర్లే కనుక, అక్కడికి దిగే విమానాల దారులతో ఇక్కడి దారులను ముందుగానే విడదీసి గీయాలి.

మా అమ్మాయికి ఈ ఉద్యోగం చేయాలని ఉంది. ఏం చదవాలి?

భౌతికశాస్త్రం, గణితం ఉన్న బీఎస్సీ గానీ, ఆ పాఠ్యాంశాలున్న ఇంజినీరింగ్ గానీ చదివి, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ జూనియర్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగాలకు పెట్టే పరీక్ష రాయాలి. ఎంపికైనవారికి ప్రయాగ్‌రాజ్, గోందియా, మన బేగంపేటలలోని శిక్షణ కేంద్రాల్లో చదువు చెబుతారు. ఆ తర్వాత పంపిన చోట, అనుభవజ్ఞుల పక్కన కూర్చుని నేర్చుకుని, ఆ సెక్టార్‌కు విడిగా అర్హత సంపాదించాలి. ఒక సెక్టార్ అర్హత మరో సెక్టార్‌కు చెల్లదు. ఇంగ్లిష్ స్పష్టంగా మాట్లాడగలగాలి, వినగలగాలి. పల్లె బడుల్లో తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లు దీనికి భయపడుతుంటారు గానీ, ఇందులో వాడే వాక్యాలు కొన్నే, అవీ నిర్ణీతమైనవే. ఇంటి దగ్గర ఇప్పటి నుంచే ఒక అలవాటు చేయించండి: మీరు ఏదైనా పని చెబితే, ఆ మాటను అంకెలతో సహా మీకు తిరిగి చెప్పమనండి. మీరూ దాన్ని చివరిదాకా వినండి.